తుపాకీ పెట్టుకోవడం హక్కా, అనుమతా? ఆయుధ లైసెన్సుల గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

బంగ్లాదేశ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో, మారుమూల ప్రాంతాల్లో నివసించే స్థానిక ప్రజలకు ఆయుధ లైసెన్సులు ఇచ్చేందుకు ప్రత్యేక పథకం తెస్తున్నట్లు 2025 మే 28న అస్సాం మంత్రివర్గం ప్రకటించింది. ధుబ్రీ, మోరిగావ్, బార్పేట, నగావ్, దక్షిణ సల్మారా మాన్‌కాచర్ వంటి జిల్లాలను ముఖ్యమంత్రి హిమంత విశ్వ శర్మ ప్రస్తావించారు. తమకు రక్షణ లేదని భావిస్తున్న ప్రజల చిరకాల కోరిక ఇదని ప్రభుత్వం చెప్పింది. ప్రజల చేతికి తుపాకులిస్తే గొడవలు పెరుగుతాయే తప్ప తగ్గవని ప్రతిపక్షాలు విమర్శించాయి.

ఈ వివాదంతో ఒక పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. మన దేశంలో పౌరుడికి తుపాకీ పెట్టుకునే హక్కు ఉందా? లేకపోతే లైసెన్స్ ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు? అది ఎవరు నిర్ణయిస్తారు?

క్లుప్తంగా చెప్పాలంటే, భారత రాజ్యాంగంలో అలాంటి హక్కు లేదు. తుపాకీ అన్నది ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. అయితే ఆ అనుమతి అందరికీ ఒకే కొలతతో అందలేదు. ఒక సముదాయానికి పుట్టుకతోనే మినహాయింపు ఉంది. కొన్నిచోట్ల ప్రభుత్వమే పౌరుల చేతికి తుపాకీ ఇచ్చింది. కొన్నిచోట్ల డబ్బుకు లైసెన్సులు అమ్ముకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. కాబట్టి హక్కు ఉందా లేదా అన్న ప్రశ్నతో పాటు, అనుమతి ఇచ్చే పద్ధతి న్యాయంగా ఉందా అన్నది కూడా చూడాలి.

బ్రిటిష్ కాలంలో మొదలైన కథ

1857 తిరుగుబాటు తర్వాత భారతీయుల చేతుల్లో ఆయుధాలు ఉండకూడదన్నది బ్రిటిష్ ప్రభుత్వ విధానంగా మారింది. వైస్రాయ్ లిట్టన్ హయాంలో 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయ భాషల పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. ఆయుధాల చట్టం ప్రకారం భారతీయులు లైసెన్స్ లేకుండా తుపాకీ పెట్టుకోకూడదు. ఐరోపా వాళ్లకు మాత్రం మినహాయింపు ఉండేది. జనానికి కోపం తెప్పించింది నియంత్రణ కన్నా ఈ వివక్షే.

అందుకే ఆయుధ హక్కు జాతీయోద్యమ డిమాండ్లలో ఒకటైంది. 1928లో మోతీలాల్ నెహ్రూ నాయకత్వంలో తయారైన నివేదిక నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయ్ ఇర్విన్ ముందుంచిన పదకొండు డిమాండ్లలో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా ఉంది. అయితే అది ప్రజల నియంత్రణకు లోబడి ఉండాలని ఆయన షరతు పెట్టారు. అహింసను బోధించిన నాయకుడు ఇలా అడగడం మొదట ఆశ్చర్యంగా అనిపించవచ్చు. పాలకుడి చేతిలో ఆయుధం ఉండి పాలితుడి చేతిలో లేకపోవడాన్ని ఆయన అవమానంగా చూశారు. 1931 మార్చిలో సర్దార్ పటేల్ అధ్యక్షతన జరిగిన కరాచీ కాంగ్రెస్ కూడా నిబంధనలకు లోబడిన ఆయుధ హక్కును తీర్మానంలో చేర్చింది.

రాజ్యాంగ సభలో ఏం జరిగింది?

స్వాతంత్య్రం వచ్చాక ఆ తీర్మానం అమలు కావాలి కదా అన్న ప్రశ్న రాజ్యాంగ సభలో వచ్చింది. 1948 డిసెంబర్ మొదటి రోజుల్లో, ఇప్పుడు 19వ అధికరణగా ఉన్న ముసాయిదాపై చర్చ జరిగింది. ఆయుధం కలిగి ఉండే హక్కును అందులో చేర్చాలని హెచ్.వి.కామత్ సవరణ ప్రతిపాదించారు. కరాచీ తీర్మానాన్ని ఆయన గుర్తుచేశారు.

డాక్టర్ అంబేడ్కర్ దాన్ని వ్యతిరేకించారు. ఆయుధం పట్టడాన్ని వ్యక్తి హక్కుగా కాకుండా, దేశానికి అవసరమైనప్పుడు నెరవేర్చాల్సిన బాధ్యతగా చూడాలన్నది ఆయన వాదన. విచక్షణ లేకుండా అందరికీ ఈ హక్కు ఇవ్వడం సరికాదని ఆయన అన్నారు. సవరణ వీగిపోయింది.

ఫలితంగా రాజ్యాంగంలో ఆయుధాల మాట పరిమితిగానే కనిపిస్తుంది. 19వ అధికరణ పౌరులకు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. ఒక్క 25వ అధికరణ వివరణలో మాత్రం సిక్కులు కృపాణం ధరించడం వారి మతాచరణలో భాగమని పేర్కొంది. తుపాకులు, మందుగుండుపై చట్టం చేసే అధికారం ఏడో షెడ్యూల్ ప్రకారం కేంద్రానిది. లైసెన్సులు ఇచ్చేది ఎక్కువగా జిల్లా యంత్రాంగం.

1959 చట్టం ఏం చెబుతోంది?

బ్రిటిష్ చట్టం స్థానంలో పార్లమెంటు 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసింది. అది 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జాతి ఆధారంగా ఐరోపా వాళ్లకు ఉన్న ప్రత్యేకత పోయింది. లైసెన్స్ మాత్రం అలాగే ఉండిపోయింది. చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా ఎవరూ తుపాకీని గానీ తూటాలను గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, వెంట తిప్పకూడదు.

ఒకరి దగ్గర ఎన్ని తుపాకులు ఉండొచ్చన్న దానిపై మొదట్లో పరిమితి లేదు. 1983 సవరణతో గరిష్ఠం మూడు అయింది. 2019లో కేంద్రం దాన్ని ఒకటికి తగ్గించాలని బిల్లు తెచ్చింది. అభ్యంతరాలు రావడంతో చివరికి రెండు దగ్గర ఆగింది. మూడో తుపాకీ ఉన్నవాళ్లు దాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించేందుకు ఏడాది గడువు ఇచ్చారు. తాతల నాటి తుపాకులకూ ఈ లెక్క వర్తిస్తుంది. క్రీడాకారులకు, రైఫిల్ క్లబ్బులకు వేరే వెసులుబాట్లు ఉన్నాయి.

అదే సవరణ మరికొన్ని మార్పులు తెచ్చింది. లైసెన్స్ కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. లైసెన్స్ లేని సాధారణ తుపాకీ దొరికితే కనీస శిక్ష ఏడాది నుంచి రెండేళ్లకు, గరిష్ఠ శిక్ష మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. నిషేధిత ఆయుధమైతే ఏడేళ్ల నుంచి 14 ఏళ్ల దాకా జైలు. పోలీసుల దగ్గర, సాయుధ బలగాల దగ్గర తుపాకీ లాక్కుంటే పదేళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు.

ఏ తుపాకీకి ఎవరు లైసెన్స్ ఇస్తారు?

లైసెన్స్ విషయంలో తరచూ వినిపించే మాట 'బోర్'. గొట్టం లోపలి కొలతను బట్టి చెప్పే రకం ఇది. దీని ప్రకారం తుపాకులు రెండు వర్గాలు.

నిషేధిత బోర్: పోలీసులు, సైన్యం వాడే రకాలు. 9 ఎంఎం పిస్టల్, పాత .303 రైఫిల్, ఆటోమేటిక్ తుపాకులు ఈ కోవలోకి వస్తాయి. వీటికి అనుమతి కేంద్ర హోం శాఖే ఇవ్వాలి. అది చాలా అరుదు.

నిషేధిత బోర్ కానివి: .32 రివాల్వర్, .315 రైఫిల్, 12 బోర్ తుపాకీ వంటివి. వీటికి జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ లైసెన్స్ ఇస్తారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి పోలీస్ కమిషనరేట్లలో ఆ అధికారం పోలీస్ కమిషనర్‌ది.

చట్టంలో చాలామంది గమనించని ఒక తేడా ఉంది. పంట కాపాడుకోవడానికి నోట్లో మందు కూరి పేల్చే నాటు రకం తుపాకీ అడిగినా, రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నునుపు గొట్టం తుపాకీ అడిగినా, అనర్హతలేవీ లేకపోతే లైసెన్స్ ఇవ్వాలనే 13వ సెక్షన్ చెబుతోంది. రివాల్వర్, పిస్టల్, రైఫిల్ వంటి వాటికి మాత్రం తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. అంటే చేతిలో దాచుకోగల తుపాకీ విషయంలో చట్టం ఎక్కువ జాగ్రత్త పడింది. పొలం గట్టున భుజాన వేసుకునే తుపాకీ విషయంలో కొంత పట్టు సడలించింది.

అయితే పంట రక్షణ లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చేయొచ్చని కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దానికి అటవీ అధికారుల అనుమతి వేరుగా ఉండాలి.

దరఖాస్తు ఎలా నడుస్తుంది?

ఇప్పుడు అమల్లో ఉన్నవి 2016 జులైలో నోటిఫై చేసిన ఆయుధ నిబంధనలు. వీటి ప్రకారం దరఖాస్తుదారు గుర్తింపు, చిరునామా పత్రాలతో పాటు శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుడి ధ్రువపత్రం ఇవ్వాలి. తుపాకీని భద్రంగా దాచే ఏర్పాటు ఉందని హామీ ఇవ్వాలి. తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్లు చూపాలి. లైసెన్స్ ఉన్న ప్రతి ఒక్కరి వివరాలు జాతీయ డేటాబేస్‌లో చేరి, ఒక విశిష్ట సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య లేని లైసెన్స్ చెల్లదు.

ఆ తర్వాత స్థానిక పోలీసులు విచారణ చేస్తారు. దరఖాస్తుదారుపై కేసులున్నాయా, ప్రాణభయం నిజమేనా, ఇరుగుపొరుగుతో గొడవలున్నాయా అన్నది చూస్తారు. 30 రోజుల్లో పోలీసు నివేదిక రావాలి. అది అందిన 60 రోజుల్లో అధికారి నిర్ణయం చెప్పాలి. ఆచరణలో ఇంతకన్నా ఆలస్యం కావడం మామూలే.

21 ఏళ్లు నిండనివారికి లైసెన్స్ ఇవ్వరు. షూటింగ్ క్రీడలో శిక్షణ పొందే పిల్లలు పర్యవేక్షణలో వాడుకోవచ్చు. హింసకు, నైతిక పతనానికి సంబంధించిన నేరంలో శిక్ష పడినవారు శిక్ష ముగిసిన ఐదేళ్ల దాకా అనర్హులు. మానసిక స్థిమితం లేనివారికి, ప్రజాశాంతికి ముప్పు అనుకున్నవారికి తిరస్కరించవచ్చు.

తిరస్కరించే అధికారికీ హద్దులున్నాయి. ఆస్తిపాస్తులు లేవన్న ఒక్క కారణంతో కాదనకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. అడిగితే వాటి ప్రతి ఇవ్వాలి, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదని భావించిన సందర్భంలో తప్ప. ఆ నిర్ణయంపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తు తిరస్కరణకు గురైన చాలామందికి ఈ దారి ఉందని తెలియదు.

లైసెన్స్ వచ్చాక గుర్తుంచుకోవాల్సినవి

పెళ్లి బరాత్‌లో, ఊరేగింపులో గాల్లోకి కాల్చడం నేరం. ఎవరికీ తగలకపోయినా సరే, ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైకి వెళ్లిన తూటా మళ్లీ కిందికే వస్తుందన్న సంగతి మర్చిపోయి చేసే పని ఇది. ఉత్తరాది పెళ్లిళ్లలో ఇలా ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నాకే 2019 సవరణలో దీన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. బహిరంగ ప్రదేశాల్లో తుపాకీని ఒరలోనో, సంచిలోనో ఉంచాలి. తీసి ప్రదర్శించకూడదు.

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో అప్పగించమని పోలీసులు అడగడం తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిందే. ఎన్నికల సంఘం మార్గదర్శకాల ప్రకారం ఎవరి తుపాకీ తీసుకోవాలో జిల్లా స్థాయి కమిటీ పరిశీలించి నిర్ణయించాలి. బెయిల్‌పై ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, గతంలో అల్లర్లలో పాల్గొన్నవారి విషయంలో ముఖ్యంగా చూడాలి. ఎవరినీ పరిశీలించకుండా అందరి దగ్గరా గంపగుత్తగా తీసుకోవడం సరికాదని కొన్ని హైకోర్టులు చెప్పాయి.

తండ్రి చనిపోతే ఆయన తుపాకీ తనంతట తాను కొడుక్కో కూతురికో రాదు. వారసులు వేరుగా లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవాలి. అప్పటిదాకా తుపాకీని పోలీస్ స్టేషన్‌లో గానీ డీలర్ దగ్గర గానీ ఉంచాలి. 'నాన్నగారిది ఇంట్లోనే ఉంది, ఎవరూ వాడడం లేదు' అన్నది చట్టం ముందు సమాధానం కాదు. అది లైసెన్స్ లేని ఆయుధమే అవుతుంది. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకుని 25 ఏళ్లు దాటినా, బతికి ఉండగానే వారసుడికి బదిలీ చేసుకునే వీలు 2016 నిబంధనల్లో ఉంది.

ఆత్మరక్షణ హక్కు వేరు, తుపాకీ హక్కు వేరు

ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు ఎదురు తిరిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నవి ఈ హక్కు గురించే చెబుతాయి. మరి ఆ హక్కు ఉన్నప్పుడు, దాన్ని వాడుకునే సాధనం మీద హక్కు ఉండదా? తుపాకీ కావాలనేవాళ్ల ప్రధాన వాదన ఇదే.

1993లో అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పులో ఈ వాదనను అంగీకరించింది. నిషేధితం కాని తుపాకీ కలిగి ఉండడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. తర్వాత అదే హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 2023 ఫిబ్రవరిలో, లైసెన్స్ లేని తుపాకుల వాడకంపై సుమోటోగా విచారణ మొదలుపెట్టిన సుప్రీంకోర్టు అమెరికాతో పోలుస్తూ, మన రాజ్యాంగం ఎవరికీ ఆయుధ హక్కు ఇవ్వలేదని వ్యాఖ్యానించింది.

కాబట్టి ఈనాటి న్యాయ స్థితి ఇది: ఆపద వచ్చినప్పుడు ఆత్మరక్షణ చేసుకోవచ్చు. కానీ ఆపద రావచ్చన్న ఊహతో తుపాకీ ఇవ్వమని హక్కుగా అడగలేరు. ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి విచక్షణ. ఆ విచక్షణ కారణం లేకుండా వాడితే మాత్రం కోర్టుకు వెళ్లొచ్చు.

కొడగులో మినహాయింపు

ఇంత కట్టుదిట్టమైన చట్టంలోనూ ఒక సముదాయానికి లైసెన్స్ అక్కర్లేదు. కర్ణాటకలోని కొడగు జిల్లాకు చెందిన కొడవలకు, అక్కడ జమ్మా భూములున్నవారికి బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది. కైల్ పోళ్దు పండుగనాడు వాళ్లు ఆయుధాలకు పూజ చేస్తారు. పుట్టుకలో, చావులో తుపాకీ పేల్చడం వాళ్ల ఆచారం.

ఈ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు, అంటే 2029 దాకా పొడిగించింది. జాతి, భూమి ఆధారంగా ఇలా ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమంటూ పిటిషన్ దాఖలైంది. కర్ణాటక హైకోర్టు 2021 సెప్టెంబర్‌లో మినహాయింపును సమర్థించింది. అది పూర్తిగా షరతులు లేనిది కాదని, నిర్ణీత కాలానికే ఇచ్చిందని పేర్కొంది. దేశం నలుమూలలా ఉన్న ఎన్నో సముదాయాలు ఆయుధ పూజ చేస్తాయి. చరిత్ర అందరి ఆచారాన్నీ ఒకేలా గుర్తించలేదన్నదే ఇక్కడ తేడా.

ప్రభుత్వమే చేతికిస్తే

అస్సాం పథకంపై చర్చలో ముందు గుర్తుకు తెచ్చుకోవాల్సినవి ప్రభుత్వమే పౌరులకు ఆయుధాలిచ్చిన రెండు అనుభవాలు.

మొదటిది జమ్ము. మిలిటెన్సీ తీవ్రంగా ఉన్న రోజుల్లో, 1995లో దోడా వంటి కొండ ప్రాంతాల్లో గ్రామ రక్షణ కమిటీలు ఏర్పాటయ్యాయి. వారికి .303 రైఫిళ్లు ఇచ్చారు. పోలీస్ స్టేషన్ గంటల దూరంలో ఉన్న ఊళ్లలో ఇవి ప్రాణాలు కాపాడాయని అక్కడివారు చెబుతారు. అదే తుపాకులతో సొంత తగాదాలు తీర్చుకున్నారన్న కేసులూ నమోదయ్యాయి. 2022లో వీటిని గ్రామ రక్షణ దళాలుగా పునర్వ్యవస్థీకరించారు.

రెండోది ఛత్తీస్‌గఢ్. మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన సల్వాజుడుం ఉద్యమంలో ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలిచ్చారు. కొద్దిపాటి జీతం, అరకొర శిక్షణ. ఊరు రెండుగా చీలింది. ఎన్నో కుటుంబాలు బస్తర్ వదిలి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వలస వచ్చాయి. ఇప్పటికీ భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో గొత్తికోయల గూడేలుగా మనకు కనిపించేవాటిలో ఆ వలస కుటుంబాలు ఉన్నాయి. 2011 జులై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌ల ధర్మాసనం ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. భద్రత కల్పించాల్సిన ప్రభుత్వం ఆ భారాన్ని పేద యువకుల భుజాల మీద వేయడాన్ని కోర్టు తప్పుబట్టింది.

అస్సాం పథకం ఈ రెండింటిలాంటిది కాదు. అక్కడ ప్రభుత్వం తుపాకీ ఇవ్వదు, కొనుక్కునేందుకు లైసెన్స్ ఇస్తుంది. కానీ ప్రశ్న ఒకటే. ఒక వ్యక్తికి వచ్చిన బెదిరింపును చూసి ఇచ్చే అనుమతికి, ఒక సముదాయానికి చెందినవాడని చూసి ఇచ్చే అనుమతికి తేడా ఉంది. పక్క ఊళ్లో ఉన్న మరో సముదాయం ఆ తుపాకీని తన మీద గురిపెట్టిన దానిగా చూస్తే పరిస్థితి ఏమిటి? మణిపుర్‌లో 2023లో గొడవలు మొదలయ్యాక పోలీసు ఆయుధాగారాల నుంచి వేల తుపాకులు జనం చేతుల్లోకి వెళ్లాయి. వాటిని తిరిగి ఇవ్వమని 2025 ఫిబ్రవరిలో గవర్నర్ అజయ్ భల్లా గడువు పెట్టి విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. ఒకసారి చేతులు మారిన తుపాకీని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో దాన్నిబట్టే తెలుస్తుంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర హోం శాఖ లెక్క ప్రకారం 2016 చివరి నాటికి దేశంలో సుమారు 33.7 లక్షల ఆయుధ లైసెన్సులున్నాయి. ఒక్క ఉత్తర్‌ప్రదేశ్‌లోనే దాదాపు 12.77 లక్షలు. తర్వాతి స్థానం చిన్న రాష్ట్రమైన జమ్ము కశ్మీర్‌ది, దాదాపు 3.69 లక్షలు. అక్కడ 2012 నుంచి 2016 మధ్య ఇచ్చిన లైసెన్సుల్లో అక్రమాలపై సీబీఐ దర్యాప్తు చేపట్టింది. ఆ కాలంలో 2.78 లక్షలకు పైగా లైసెన్సులు ఇచ్చారని, డబ్బు తీసుకుని అనర్హులకు, రాష్ట్రంలో ఉండనివారికి కూడా ఇచ్చారని ఆరోపణ.

లైసెన్స్ ఉన్నవి ఒక వంతు మాత్రమే. స్విట్జర్లాండ్‌లోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం భారత్‌లో పౌరుల చేతుల్లో సుమారు 7.1 కోట్ల తుపాకులున్నాయి. వాటిలో నమోదైనవి కోటి లోపే. అంటే నేరాల్లో వాడే దేశీ కట్టాలు, నాటు తుపాకుల్లో ఎక్కువ భాగం ఈ చట్టం పరిధిలోకి ఎన్నడూ రానివే. లైసెన్స్ నిబంధనలు ఎంత బిగించినా అవి వాటంతట అవే తగ్గవు.

అమెరికాలో ఎందుకు వేరు?

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన రెండో సవరణ ఆయుధం కలిగి ఉండడాన్ని ప్రజల హక్కుగా పేర్కొంది. అది పౌర సైన్యానికి సంబంధించినదా, వ్యక్తికి సంబంధించినదా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అది వ్యక్తి హక్కేనని తేల్చింది. 2022లో బ్రూయెన్ కేసులో, ఇంటి బయట తుపాకీ వెంట ఉంచుకునేందుకు ప్రత్యేక అవసరం చూపాలన్న న్యూయార్క్ చట్టాన్ని కొట్టేసింది. అంటే మన చట్టంలో రివాల్వర్‌కు అడిగే 'తగిన కారణం' అన్నదాన్నే అక్కడ కోర్టు చెల్లదంది. అయితే గృహహింస కేసులో కోర్టు ఆంక్షలున్న వ్యక్తికి తుపాకీ నిషేధించడం సరైనదేనని 2024లో రహీమీ కేసులో చెప్పింది.

అదే స్మాల్ ఆర్మ్స్ సర్వే ప్రకారం అమెరికాలో ప్రతి 100 మందికి 120 తుపాకులున్నాయి. భారత్‌లో ఆ సంఖ్య 5.

అమెరికాకు పిల్లలను చదువుకు పంపిన తెలుగు తల్లిదండ్రులు ఒక విషయం తెలుసుకోవాలి. విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఈ మినహాయింపును చూపి కొందరు కొంటుంటారు. స్నేహితుడి తుపాకీని సరదాకు గదిలో పెట్టుకున్నా కేసు, వీసా చిక్కులు తప్పకపోవచ్చు.

పొరుగు దేశాల్లో

బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ 1878 నాటి చట్టమే మూలం. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయాక, 2009 జనవరి 6 నుంచి 2024 ఆగస్టు 5 వరకు పౌరులకిచ్చిన లైసెన్సులను తాత్కాలిక ప్రభుత్వం నిలిపివేసింది. సెప్టెంబర్ 3లోగా ఆయుధాలు అప్పగించమంది. ఒక పాలనలో ఇచ్చిన అనుమతి మరో పాలనలో అనుమానంగా మారింది.

శ్రీలంకలో 1916 నాటి ఆర్డినెన్స్ అమల్లో ఉంది. 2024 చివర్లో అక్కడి రక్షణ శాఖ ఆత్మరక్షణకు పౌరులకిచ్చిన తుపాకులను సమీక్ష కోసం తాత్కాలికంగా వెనక్కి తీసుకుంది. పాకిస్తాన్‌లో 1965 నాటి ఆర్డినెన్స్ ఉన్నా, ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలోని దర్రా ఆదంఖేల్ చేతితో తుపాకులు తయారు చేసే ఊరిగా తరాల నుంచి పేరుపొందింది. నేపాల్‌లోనూ లైసెన్స్ పద్ధతే. ఈ దేశాల్లో తుపాకీ చట్టాలు చాలావరకు ఒకే బ్రిటిష్ మూలం నుంచి వచ్చినవి, లేదా దాని నీడలో రూపొందినవి. పాలకుడికి ఎవరిమీద నమ్మకముందో వారికే ఆయుధం అన్న ఆనాటి పద్ధతి చాలాచోట్ల ఇంకా పూర్తిగా పోలేదు.

రెండు వైపుల వాదనలు

లైసెన్సులు సులభం చేయాలనేవారు చెప్పేది ఇది. నేరస్థుడు లైసెన్స్ అడగడు, చట్టాన్ని నమ్మేవాడే వరుసలో నిలబడతాడు. పోలీసు సాయం ఆలస్యంగా అందే ఊళ్లలో ఒంటరి రైతుకు, మహిళకు దిక్కేమిటి? ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. దాని ధర లక్ష రూపాయలు దాటింది. దాంతో రక్షణ ఎవరికి అందుబాటులో ఉందన్న ప్రశ్న కూడా వచ్చింది.

బిగించాలనేవారి వాదన మరోలా ఉంటుంది. ఇంట్లో తుపాకీ ఉంటే అది దొంగ మీద కన్నా ఇంట్లోవారి మీద, తన మీదే తిరిగే ప్రమాదం ఉంది. క్షణికావేశంలో జరిగే గొడవ తుపాకీ ఉంటే హత్యగా ముగుస్తుంది. మన పల్లెల్లో కులం, భూమి, రాజకీయం కలిసి నడిచే తగాదాల్లో లైసెన్స్ తుపాకీ తరచూ పలుకుబడి ఉన్నవాడికే దక్కుతుంది. లేనివాడికి అది భయంగా మారుతుంది.

రెండు వాదనల్లోనూ నిజముంది. రెండూ ఒకే లోపాన్ని వేలెత్తి చూపుతున్నాయి. పోలీస్ స్టేషన్ అందరికీ సమానంగా అందుబాటులో లేదు, లైసెన్స్ కూడా అంతే.

1930లో గాంధీజీ కోరింది పాలకుల ఇష్టానికి కాక ప్రజల నియంత్రణకు లోబడిన అనుమతి. 1948లో రాజ్యాంగ సభ హక్కును కాదంది. మిగిలింది అనుమతి. అది వ్యక్తి ఎదుర్కొంటున్న ముప్పును చూసి ఇవ్వాలి. కాదంటే కారణం రాసి ఇవ్వాలి. ఎంతమందికి, ఏ జిల్లాలో, ఏ ప్రాతిపదికన ఇచ్చారో జనానికి తెలియాలి. అస్సాంలోనైనా, ఆంధ్రలోనైనా, తెలంగాణలోనైనా లైసెన్స్ విధానాన్ని చూడాల్సిన కొలత ఇదే.